ఆ గుట్ట ఎక్కింది నేనేనా

మా మందుల షాపు గుమ్మానికి వేలాడే నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు నేను కట్టినవి కావు. మా ఆవిడ లావణ్య కట్టిస్తుంది. గాలి సోకిందనీ, దిష్టి తగిలిందనీ చెప్పుకుంటూ వచ్చేవాళ్లను ఏళ్లుగా చూస్తున్నాను. వాళ్లకు జ్వరం మాత్రో, ఓఆర్ఎస్ పొట్లమో ఇచ్చి పంపిస్తాను. దయ్యాల ముచ్చట చెప్పేవాళ్లను ఆటపట్టించడంలో నాకు సిద్దిపేటలో కొంచెం పేరు కూడా ఉంది.

అలాంటివాణ్ని ఇది రాస్తున్నందుకు సిగ్గుగానే ఉంది. కానీ అంతకన్నా పెద్ద సిగ్గు ఇంకొకటి ఉంది. మా ఇంట్లో గోడ మేకుకు వేలాడిన ఒక మెడల్. దాన్ని చూసి ఎవరైనా చేయి కలిపితే ఈరోజుకీ నా మొహం మాడిపోతుంది.

మొదటి నుంచి చెప్తాను. నాకు షుగర్ వచ్చింది. షుగర్ మాత్రలు అమ్మేవాడికే షుగర్ రావడం మా బజారుకు మంచి కాలక్షేపమైంది. డాక్టర్ నడవమన్నాడు. నడక నాకు విసుగు, అందుకని గేర్ల సైకిల్ కొన్నాను. పొద్దున్నే కోమటిచెరువు కట్ట మీద తొక్కుతుంటే ఇద్దరు జతయ్యారు. ఒకరు శ్రీధర్ సార్, సర్కారు బడిలో పీఈటీ. ఇంకొకడు వేణు, ప్లాట్ల వ్యాపారం. వేణు తొక్కేది తక్కువ, సెల్ఫీలు దిగేది ఎక్కువ.

నేపాల్‌లో నాలాంటి సాదాసీదా జనం కోసం కొండ దారిలో సైకిల్ పోటీ ఉందని శ్రీధర్ సార్ ఫోన్‌లో చూపించాడు. గెలవాల్సిన పని లేదు. చెప్పిన వేళలోపు పైకి చేరితే చాలు, మెడల్ వేస్తారు. విమానంలో సైకిళ్లు తీసుకుపోవడం తలనొప్పని, వేణు కారు మీద మూడు సైకిళ్లు కట్టుకుని రోడ్డు మీదనే పోదామనుకున్నాం.

మా అమ్మ మాతోనే ఉంటుంది, ఆమెను మేం అవ్వ అనే పిలుస్తాం. సంగతి విని నోటి మీద చెయ్యి వేసుకుంది. "సైకిల్ తొక్కనీకె దేశం దాటి పోతరా? గీడ తొవ్వలు లేవా?" అంది. అయినా సర్వపిండి కాల్చి, ఎల్లిపాయ కారం దంచి డబ్బాలో పెట్టింది. బండి ఎక్కబోతుంటే నా సైకిల్ సీటును తడిమి, "గిది గట్టిగున్నదా? మీ అన్నది ఎప్పుడూ ఊగుతుండె" అంది. మా అన్న కనకయ్య పోయి చాలా ఏళ్లయింది. అవ్వ అతని మాట ఎత్తితే నేను ఏదో పని ఉన్నట్టు పక్కకు తప్పుకుంటాను. ఆరోజు కూడా టైర్లలో గాలి చూస్తున్నట్టు వంగాను.

రామాయంపేట మీదుగా పెద్ద రోడ్డెక్కాం. ఆదిలాబాద్, నాగపూర్ దాటాం. దారి పొడవునా మాట్లాడింది నేనే. ఎత్తు వస్తే సీటు మీద కూర్చుని తొక్కేవాళ్లు సైక్లిస్టులే కాదనీ, నిలబడి తొక్కాలనీ, నేను ఎట్లా తొక్కుతానో చూడమనీ. శ్రీధర్ సార్ ఊ కొడుతూ వింటున్నాడు. వేణు మాత్రం, "నువ్వు పైకి చేరు అన్నా, చౌరస్తల ఫ్లెక్సీ నేను కట్టిస్త" అన్నాడు. నేను ఏ ఫొటో పెట్టాలో కూడా చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే ఎక్కడైనా దాక్కోవాలనిపిస్తుంది.

గోరఖ్‌పూర్ దాటి సునౌలి దగ్గర సరిహద్దు. బండికి అనుమతి తీసుకోవడానికే సగం రోజు పోయింది. అవతల కొండలు మొదలయ్యాయి. ఆ రోడ్డు చూశాక నేను మాట్లాడటం తగ్గించానని వేణు తర్వాత అందరికీ చెప్పాడు. నిజమే.

పోటీ రోజు నాకు కడుపు బాగాలేదు. ముందురోజు దారిలో తిన్నదేదో పడలేదు. పొద్దున ఏమీ తినలేకపోయాను. కానీ అలవాటు ప్రకారం షుగర్ మాత్ర వేసుకున్నాను. తినకుండా ఈ మాత్ర వేసుకోవద్దని రోజూ కౌంటర్‌లో నిలబడి పదిమందికి చెప్పేవాణ్ని నేనే.

బయలుదేరిన కాసేపటికే వేణు మోకాలు పట్టుకుని దిగిపోయాడు. నిర్వాహకుల బండెక్కి అందరికంటే ముందు పైకి చేరాడు. శ్రీధర్ సార్ నన్ను దాటి ముందుకు వెళ్లిపోయాడు. నేను ఒక్కణ్నే మిగిలాను. నా వెనక ఎవరైనా ఉన్నారో లేదో కూడా తెలియదు.

చివరి ఎత్తు దగ్గర చేతులు వణకడం మొదలైంది. చెమటలు చల్లగా పట్టాయి. షుగర్ పడిపోతోందని తెలుసు. జేబులో చాక్లెట్ ఉందని కూడా తెలుసు. కానీ తీయాలన్న బుద్ధి పుట్టలేదు. మలుపులో రోడ్డు పక్కన నాచు పట్టిన రాళ్ల గోడ ఉంది. సైకిల్ దానికి ఆనించాను. కళ్లద్దాలు తీసి గోడ మీద పెట్టాను. కింద కూర్చుని మోకాళ్ల మీద తల పెట్టుకున్నాను. ఇక చాలు, ఇక్కడే పడుకుంటాను అనుకున్నాను. పులిసిన కల్లు వాసన వచ్చింది. చిన్నప్పటి వాసన. ఆ కొండల్లో ఒక్క తాటిచెట్టు లేదు. దాని గురించి ఆలోచించేంత తెలివి అప్పుడు నాకు లేదు. నిద్రపోయాను.

తర్వాత నాకు గుర్తున్నది షామియానా కింద బల్ల. నోరంతా గ్లూకోజ్ తీపి. శ్రీధర్ సార్ నా చెంపలు తడుతున్నాడు. మెడలో మెడల్ ఉంది.

మధ్యలో ఏం జరిగిందో నాకు తెలియదు. కొంచెం కూడా తెలియదు.

అక్కడి డాక్టర్ చూసి షుగర్ పడిపోయిందన్నాడు. వేణు గంతులేస్తూ పోటీ ముగిసేచోట తీసిన ఫొటోలు చూపించాడు. గీత దాటుతున్న ఫొటో. నా నంబర్, నా టీషర్టు, నా మొహం. కళ్లద్దాలు మాత్రం లేవు. "బాగ సతాయించినవ్ గని, వచ్చినవ్ అన్నా!" అన్నాడు. నేను రాలేదు, కింద గోడ దగ్గర పడుకున్నాను అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఇంతలో ఎవరో వచ్చి భుజం తట్టారు, చప్పట్లు కొట్టారు. నేను నవ్వాను. ఆ నవ్వుతోనే నా సిగ్గు మొదలైంది.

మూడు సంగతులు అప్పుడే తేడాగా అనిపించాయి. సైకిల్‌ను బండి మీద కడుతూ శ్రీధర్ సార్ ఆగిపోయాడు. గొలుసు అన్నిటికంటే బరువైన గేరులో ఉంది. చదును రోడ్డు మీద వేగంగా పోయేటప్పుడు వాడే గేరు అది. "గీ గేర్ల గుట్ట ఎట్ల ఎక్కినవే నర్సన్నా?" అన్నాడు. గేర్ల గురించి ఏమీ తెలియనివాడే అట్లా తొక్కుతాడు.

రెండోది, నా సైకిల్‌కు ఉన్న చిన్న మిషన్. మనం పోయిన దారిని గీతలా గీసి చూపిస్తుంది. చివరి ఎత్తులో ఆ గీత పాములా మెలికలు తిరిగింది. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచుకు, ఆ అంచు నుంచి ఈ అంచుకు. పైగా ఎక్కడా ఆగినట్టు లేదు.

మూడోది, తిరిగి దిగేటప్పుడు ఆ మలుపు దగ్గర బండి ఆపమన్నాను. నాచు పట్టిన గోడ మీద నా కళ్లద్దాలు పెట్టినచోటే ఉన్నాయి. మిషన్ ఆగలేదంటోంది, కళ్లద్దాలు ఆగావంటున్నాయి. వాటిని జేబులో పెట్టుకుని బండెక్కాను. తిరుగు ప్రయాణంలో నేను పెద్దగా మాట్లాడలేదు. అలసటనుకున్నారు.

సిద్దిపేటలో దిగేసరికి వేణు అన్నంత పనీ చేశాడు. మా షాపు దగ్గరి చౌరస్తాలో మనిషికన్నా ఎత్తు ఫ్లెక్సీ. మధ్యలో గీత దాటుతున్న ఫొటో. పైన "అంతర్జాతీయ సైక్లింగ్ వీరుడికి ఘన స్వాగతం." కింద ఒక మూల గుండ్రంగా వేణు మొహం. శాలువా కప్పారు. మా అమ్మాయి మెడల్‌ను బడికి తీసుకెళ్లి అందరికీ చూపించి వచ్చింది. మాత్రల కోసం వచ్చినవాళ్లు కూడా షేక్ హ్యాండ్ ఇచ్చి మరీ పోతున్నారు. నిజం చెప్పడానికి ప్రతి రోజూ ఒక అవకాశం వచ్చింది. ప్రతి రోజూ చిల్లర ఇచ్చి పంపించేశాను.

అప్పటికి అవ్వ కొండపాకలో చిన్నమ్మ దగ్గర ఉంది. ఫోన్‌లో ఫొటో చూపించారట కానీ, ఆమె కళ్లకు ఫోన్‌లో బొమ్మలు ఆనవు. ఆమె తిరిగి వచ్చిన రోజు, మా షాపు పక్క తోపుడుబండి కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. "అన్నా, మీ అవ్వ ఆటో దిగి ఫ్లెక్సీ కాడ నిలబడ్డది. ఎంత పిలిచినా వస్తలేదు."

వెళ్లి చూస్తే అవ్వ చుట్టూ జనం. ఆమె ఏడవడం లేదు. చేతి సంచి కింద పెట్టి, ఫ్లెక్సీ మీద మోకాలు ఉన్నచోట అరచేత్తో నిమురుతోంది. బతికున్న కాలును నిమిరినట్టే.

"ఇంటికి పోదాం పా అవ్వా," అన్నాను.

"పెద్దోడు," అంది నా వైపు చూడకుండా. "పెద్దోని ఫొటో ఎవలు తీసిన్రు బిడ్డా?"

"గది నేనే అవ్వా. నేపాల్ పోయిన గద."

"నువ్వా? నీ కాలు గట్ల పోతదా? మడిమతోటి తొక్కుతుండు, సూడు. మోకాలు బయటికి పోయింది, సూడు. నిన్ను కన్నది నేనే, వాన్ని కన్నది నేనే. నాకెరుక లేదా?"

అప్పుడు చూశాను. అన్ని రోజులుగా నేను ఆ ఫొటోలో నా మొహాన్నే చూసుకుంటున్నాను. కాలు చూడలేదు.

మాది మిరుదొడ్డి దగ్గరి పల్లె, కల్లు గీసే కుటుంబం. బాపు పోయాక అన్నే చెట్లెక్కాడు. ఒకసారి తాటిచెట్టు మీది నుంచి పడ్డాడు. ఎడమ మోకాలు సరిగా అతకలేదు. ఇక చెట్టెక్కలేక, కల్లు కుండలు సైకిల్‌కు రెండు పక్కలా కట్టుకుని ఊరూరా వేసేవాడు. వంగని మోకాలు బయటికి పెట్టి, మడమతో పెడల్ నొక్కేవాడు. ఎత్తు వచ్చినా సీటు మీంచి లేచేవాడు కాదు, లేస్తే కుండలు తొణుకుతాయి. అందుకే రోడ్డుకు అడ్డంగా అటూ ఇటూ మెలికలు తిప్పుకుంటూ ఎక్కేవాడు. ఆ సైకిల్ మీదే నా ఫార్మసీ చదువు నడిచింది. చదువు పూర్తవకముందే అన్న కామెర్లతో పోయాడు. పెళ్లి కూడా కాలేదు. ఉన్న ఒక్క ఫొటో ఇల్లు కురిసిన వానాకాలంలో అట్టకు అంటుకుపోయింది. ఒలవబోతే మొహమే ఊడిపోయింది.

ఆ సాయంత్రం శ్రీధర్ సార్‌ను బడి మైదానంలో పట్టుకున్నాను. గోడ సంగతి, నిద్ర సంగతి, అంతా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన చేతిలో ఉన్న విజిల్‌ను జేబులో వేసుకున్నాడు.

"నీకు చెప్పొద్దనుకున్న నర్సన్నా. చెప్తే నువ్వు చిన్నబోతవని," అన్నాడు. "గీత దాటంగనే సైకిల్ దిగినవు. నన్ను సూసినవు గని, ఎరుక లేనోన్ని సూసినట్టె సూసినవు. 'సారూ, మా తమ్ముడు తిన్నడా?' అని అడిగినవ్."

నాకు తమ్ముడు లేడు.

"నీకు లేడని నాకెరుక. పరాచికం ఆడుతున్నవనుకున్న. నీ గురించే నువ్వు అడుగుతున్నవని, 'యాడ తిన్నడు, పొద్దుగాల నుంచి ఏం తినలే' అన్న. 'అయితే జర పెట్టున్రి సారూ, ఆకలికి ఆగడు వాడు' అని బల్ల మీద కూసొని కండ్లు మూసినవ్. గప్పుడు నాకు భయమైంది. గ్లూకోజ్ నోట్ల పోసింది గందుకే."

శ్రీధర్ సార్‌కు నాకు అన్న ఉండేవాడని కూడా తెలియదు. నేను ఎవరికీ చెప్పుకోలేదు. మా అన్న ఇంటికి రాగానే సైకిల్‌ను గోడకు ఆనించి, తలపాగా విప్పకముందే అవ్వను అడిగే మొదటి మాట అదే. తమ్ముడు తిన్నడా?

నాకు తెలిసిన డాక్టర్‌ను అడిగాను. షుగర్ పడిపోయినప్పుడు మనిషి ఒంటి మీద తెలివి లేకుండానే పనులు చేస్తాడని, తర్వాత గుర్తుండదని చెప్పాడు. చిన్నప్పుడు చూసిన నడకలు, మాటలు లోపల ఎక్కడో ఉండి బయటికి రావచ్చన్నాడు. కావచ్చు. నేను మందులు అమ్మేవాణ్ని, ఆయన మాటే నమ్మాలని నాకూ ఉంది. కానీ షుగర్ పడిపోయి చాక్లెట్ కాగితం విప్పలేనివాడు, అంత బరువు గేరులో ఆ గుట్ట ఎట్లా ఎక్కాడు? ఆగినవాడు ఆగనట్టు గీత ఎట్లా పడింది? మిషన్ తప్పు చూపించి ఉండవచ్చు. ఆయన అదే అన్నాడు. నేనూ సరేనన్నాను.

ఫ్లెక్సీ విప్పే రోజు వేణు మనుషులతో గొడవపడి అవ్వ దాన్ని ఇంటికి తెచ్చుకుంది. అక్షరాలు, వేణు మొహం కత్తిరించి పారేసి, సైకిల్ మీద ఉన్న మనిషి వరకు ఉంచుకుంది. చుట్ట చుట్టి బీరువా మీద దాచింది. ఎందుకో నాకు తెలుసు. పెత్రమాస, అంటే పెద్దల అమావాస్య, వచ్చేదాకా ఆ మాట మేమెవరం ఎత్తలేదు.

పెత్రమాస నాడు మా ఇళ్లలో పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, ఫొటో ముందు విస్తరి వేసి, పేరు చెప్పి బియ్యం ఇస్తాం. బాపు ఫొటో ఉంది. అన్నకు ఇన్నేళ్లూ ఉత్త గోడ ముందే విస్తరి వేసేది అవ్వ. ఈసారి ఆ గోడకు ఫ్లెక్సీ ముక్కను ఆనించింది. చేపల పులుసు, ముంతలో కల్లు పెట్టింది. బొట్టు పెట్టడానికి కుంకుమ భరిణె తెరిచింది.

లావణ్య వంటింట్లోంచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. "అత్తమ్మా, బతికున్న మనిషి ఫొటోకు బొట్టు పెడ్తరా? గిదేం పని? నా పసుపు కుంకుమల మాట ఏంది?" అని ఏడ్చింది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పు. గిది నువ్వే కదా? నేనే అని ఒక్క మాట అను, అత్తమ్మ ఇంటది."

ఒక్క మాట. బజారులో అందరి ముందు ఆ మాట ఎన్నోసార్లు నవ్వుతోనే అనేశాను. శాలువా కప్పుకుని అన్నాను. మా ఇంట్లో, ఆ విస్తరి ముందు, నోరు రాలేదు. లావణ్య నా మొహం చూసింది. మెల్లగా అవ్వ చెయ్యి వదిలేసింది. "దండ మాత్రం వెయ్యకు అత్తమ్మా," అంది. అవ్వ సరేనని తల ఊపింది. బొట్టు పెట్టింది.

నేను మేకుకున్న మెడల్ తీసి ముంత పక్కన పెట్టాను.

ఆ తర్వాత అవ్వకు శ్రీధర్ సార్ చెప్పిన మాట చెప్పాను. తమ్ముడు తిన్నడా అని అడిగాడట అన్నాను. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత ఆశగా అడిగింది.

"గంత దూరం వచ్చిండు గద. నీతోని ఏమన్న మాట్లాడిండా బిడ్డా?"

నా జీవితంలో నేను తలెత్తి జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న అదొక్కటే. అంత దూరం వచ్చిన మనిషిని ఒక్కసారి కూడా చూడలేదు. నేను కళ్లు తెరిచేసరికి మెడల్ మాత్రం మెడలో ఉంది. వచ్చాడో లేదో కూడా నాకు తెలియదు. ఇది రాస్తున్న ఈ నిమిషానికీ తెలియదు.

"నేను నిద్రపోయిన అవ్వా," అన్నాను.

అవ్వ నా తల నిమిరింది. "పోనీ తియ్. వాడు ఎన్నడూ నిన్ను లేపలే. పండుకుంటే ఎత్తుకచ్చెటోడు," అంది.

లేచి విస్తళ్లు వేసింది. నాకే ముందు వడ్డించింది.